నాలుగో మగ్గం గొంతు

మూత తీసిన బిస్కెట్ల డబ్బా ముందు మూడు రోజులుగా కూర్చునే ఉన్నాడు, అందరూ నూనెడబ్బా అని పిలిచే ఆయన. ఆ డబ్బాలో ఆయన తన చేత్తో కట్టుకున్న ఆంప్లిఫయర్ ఉంది. స్విచ్చి వేస్తే ఎర్రలైటు వెలుగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద వేలు పెడితే, నిద్రపోతున్న పిల్లి వీపులా సన్నగా అదురుతుంది. అన్నీ ఉన్నాయి, చప్పుడు ఒక్కటే లేదు.

భార్య వచ్చి ఆయన భుజం తట్టింది. ఆయన తల తిప్పి చూశాక అడిగింది.

"నా సవతి ఇవాళైనా నోరు విప్పిందా?"

"విప్పుతుంది. విప్పకపోతే రేపటికి మన గతేంటి?"

రేపు ఆదివారం. ఆదివారం పదకొండు గంటలకి కూతురు ఫోను చేస్తుంది. గత ఆదివారం ఆ పిల్ల చెప్పిన మాట ఇద్దరి గుండెల్లోనూ ముల్లులా దిగబడి ఉంది.

కూతురు వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో నర్సు. ఉద్యోగం వచ్చి ఏడు నెలలైంది. తల్లి గొంతు వాచి, జ్వరంతో మంచం మీద ఉన్న రోజునే చేరాల్సి వచ్చి, వెనక్కి చూడకుండా బస్సెక్కేసింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోను చేస్తూనే ఉంది. తండ్రితో మాట్లాడుతుంది. ఫోను తల్లి చేతికి వెళ్ళగానే మొదలవుతుంది గొడవ. "అమ్మా... అమ్మా... ఉన్నావా?" అని అరుస్తుంది. తల్లి చెప్తూనే ఉంటుంది. కూతురు "హలో హలో" అంటూనే ఉంటుంది. చివరికి ఫోను మళ్ళీ తండ్రి చెవి దగ్గరికి వచ్చేసరికి అవతల ఏడుపో, కోపమో.

"ఈసారి కూడా అమ్మ మాట్లాడకపోతే ఇక నేను ఫోను చెయ్యను నాన్నా," అంది గత ఆదివారం. "వెళ్ళిపోయానని కోపం. సరే. ఏడు నెలలా? ఊపిరి వినిపిస్తూ ఊరుకుంటుంది. ఒళ్ళు జలదరిస్తోంది నాకు."

"మాట్లాడుతోందే పిచ్చిదానా! నా ఎదురుగా కూర్చుని ఇంతసేపూ మాట్లాడింది. నాకు వినపడింది."

"నాకు వినపడలేదు," అని పెట్టేసింది.

నూనెడబ్బా బాగా ఆలోచించాడు. అంతకుముందే ఫోను మార్చి చూశాడు. వీధి చివరికి, మేడ మీదికి తీసుకెళ్ళి మాట్లాడించి చూశాడు. లాభం లేకపోయింది. జ్వరం తర్వాత భార్య గొంతు సన్నబడింది, అంతే. ఆ బక్క గొంతు ఫోనులో ఉన్న చిల్లులోంచి అవతలికి దాటట్లేదు. దాటాలంటే దాన్ని పెద్దది చెయ్యాలి. ఒక మైకు, ఒక ఆంప్లిఫయర్, ఒక స్పీకరు. స్పీకరు ముందు ఫోను పెడితే సరి. సోమవారం మొదలుపెట్టి బుధవారానికి కట్టేశాడు.

ఆయన పుట్టుకతో ఎలక్ట్రికల్ మనిషేం కాదు. నేతమిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు మగ్గాలకి నూనె పోశాడు. కొంగ ముక్కులాంటి పొడుగాటి గొట్టమున్న డబ్బా పట్టుకుని రెండువందల మరమగ్గాల మధ్య తిరగడం ఆయన పని. అందుకే ఆ పేరు. జీతాల పుస్తకంలో వేరే పేరుండేది గానీ, గుమస్తా కూడా దాన్ని చూసి "ఇదెవరు?" అని ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు.

ఆ షెడ్డు సంగతి తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మకం కలగదు. రెండువందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే అక్కడ చప్పుడు ఉండదు. చప్పుడు ఎంత ఎక్కువంటే, ఇక దాన్ని చప్పుడనలేం, చిక్కటి ఒక పదార్థమనుకోవాలి. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని పనిలో చేరిన నెల తిరక్కుండానే ప్రతివాళ్ళకీ ఒక విద్య పట్టుబడేది. ఎదురెదురుగా నిలబడి, గొంతు వాడకుండా, పెదాలు మాత్రం విడమరిచి కదిపేవాళ్ళు. అవతలివాళ్ళు ఆ పెదాల్ని వినేవాళ్ళు. చూసేవాళ్ళు అనడం తప్పు. నిజంగా వినేవాళ్ళు. ముప్పై అడుగుల దూరంలోంచి చాడీలు చెప్పుకునేవాళ్ళు, దెబ్బలాడుకునేవాళ్ళు, మేస్త్రి వెనకాలే నిలబడి మేస్త్రిని తిట్టుకునేవాళ్ళు. ఆఫీసువాళ్ళు ఎప్పుడైనా లోపలికొస్తే, అద్దాల తొట్టిలో చేపల్ని చూసినట్టు చూసి బయటపడేవాళ్ళు.

నాలుగో మగ్గం మీద కొత్తగా చేరిన పిల్ల మొదటిసారి ఆయన్ని చూసి అన్న మాట ఇది: "నూనె మగ్గానికి పొయ్యవయ్యా, నా పాదానికి కాదు."

ఆ మాట ఆయనకి వినపడింది. కాస్త బొంగురుగా, చివర్లో నవ్వు అంటుకున్నట్టు ఉంది ఆ గొంతు. సాయంత్రం గేటు బయట ఆ పిల్ల ఎవరితోనో గట్టిగా మాట్లాడుతుంటే విన్నాడు. అచ్చం అదే గొంతు. అందులో వింతేముందని కూడా అనిపించలేదు ఆయనకి.

ఆ పిల్లతో పెళ్ళయ్యాక కూడా ఇంట్లో ఆ అలవాటే నిలిచిపోయింది. వీపు తిప్పుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ముందు భుజం తట్టాలి, ముఖం తిప్పాలి, అప్పుడు మాట. మిల్లు మూతబడి తొమ్మిదేళ్ళయినా అది పోలేదు. మిల్లు ఇళ్ళ వరసలో నలభై కొంపలుంటే ఇప్పుడు ఐదారింటికి తప్ప అన్నిటికీ తాళాలే. ఆ వీధిలో మిట్టమధ్యాహ్నం నడిస్తే సొంత చెప్పుల చప్పుడుకి మనమే వెనక్కి తిరిగి చూస్తాం.

మిల్లు పోయాక పొద్దుపోవడానికి ఆయన రేడియో రిపేరు కొట్టు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ కొట్టు నడిపే ఆవిడని అందరూ రేడియో అక్క అంటారు. ఆవిడే ఆయనకి సోల్డరింగు నేర్పింది. మూగబోయిన ఆంప్లిఫయర్‌ని ఎలా పరీక్షించాలో కూడా ఆవిడే చెప్పింది. స్పీకరు దగ్గర మొదలుపెట్టి, అంచెలంచెలుగా మైకు దాకా వెనక్కి నడవాలి. ఎక్కడ మాట ఆగిపోయిందో అక్కడుంటుంది జబ్బు.

ఆయన అలాగే నడిచాడు. స్పీకరు తీగలకి పెన్‌టార్చి బ్యాటరీ తగిలించాడు. "టక్" మంది. స్పీకరు బతికే ఉంది. మీటరు పెట్టి చూశాడు. పన్నెండు వోల్టులు, ఒక్క చుక్క తక్కువ లేదు. అతుకులన్నీ మళ్ళీ కరిగించి అతికించాడు. ఐసీ చిప్పు తీసి కొత్తది పెట్టాడు. చివరికి అన్నిటికన్నా పాత పరీక్ష చేశాడు. వేలు నాలుకకి అద్దుకుని, మైకు తీగ అతికే చోట ఆనించాడు. ఇంటి గోడల్లో పారే కరెంటు హోరు మనిషి ఒంటికి ఎప్పుడూ అంటుకునే ఉంటుందట. ఆంప్లిఫయర్‌లో ప్రాణముంటే తడివేలు తగలగానే "బుర్ర్" మనాలి.

అనలేదు.

"నేను పెట్టనా?" అని భార్య తన వేలు తడిచేసి పెట్టింది. అప్పుడూ ఏమీ లేదు. ఆవిడ వేలు వెనక్కి తీసుకుని, దాన్ని ఓసారి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మన ఒంట్లోనే హోరు లేదేమోనయ్యా," అంది.

మాట వరసకన్న మాటే. కానీ ఆయన ఆ తీగని మళ్ళీ ముట్టుకోలేదు. చొక్కా వేసుకుని కొట్టుకి బయల్దేరాడు.

శనివారం మధ్యాహ్నం రేడియో అక్క సంచీ భుజాన వేసుకుని వచ్చింది. జడముడిలో ఎప్పటిలాగే స్క్రూడ్రైవరు గుచ్చుకుని ఉంది. గడప దాటుతూనే డబ్బాలోకి తొంగిచూసింది.

"బిస్కెట్లున్నప్పుడే ఇది ఎక్కువ చప్పుడు చేసుంటుంది బాబాయ్."

"ఎగతాళి తర్వాత చేద్దువుగానీ, ముందు చూడమ్మా."

"పిన్ని ఏదీ? ఆరు నెలలు దాటింది చూసి. సంతలో కూడా కనపడట్లేదు."

భార్య లోపలి గది గుమ్మంలోకి వచ్చి నవ్వింది. "రా అమ్మా, కూర్చో" అంది. అక్క అప్పటికే తల వంచేసి తీగలు లాగుతోంది.

"అతుకులు బాగున్నాయి బాబాయ్. నాకన్నా శుభ్రంగా చేశావు. వాల్యూం ఎంతలో ఉంచావు?"

"పూర్తిగా పెంచే ఉంచాను."

"మూడు రోజులూనా?"

"మూడు రోజులూ. తగ్గిస్తే ఉన్న కాస్త చప్పుడూ వినపడదేమోనని."

అక్క ఒక్క క్షణం ఆయన్నే చూసి, మీట పట్టుకుని రెండోవైపుకి తిప్పింది.

"కూ..." అని కేకపెట్టింది ఇల్లు. కిటికీ రేకు మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. అక్క గబుక్కున మీట వెనక్కి తిప్పి, కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వింది.

"మీటకి రెండు చివరి తీగలూ తారుమారుగా అతికించావు! పెంచుతున్నాననుకుని దాని గొంతు నొక్కి కూర్చున్నావు, మహానుభావా. మూడు రోజులు! వేరే ఎవరైనా ఒక్కసారైనా అటు తిప్పి చూసేవాళ్ళు."

భార్య కూడా నోటికి చెయ్యడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నూనెడబ్బాకి సిగ్గూ, సంతోషమూ కలిసి వచ్చాయి. తీగలు సరిగ్గా మార్చి అతికించాడు.

"ఇప్పుడు కేక ఎందుకు పెట్టిందంటే, మైకూ స్పీకరూ పక్కపక్కనే ఉన్నాయి," అంది అక్క. "దాని మాట అదే విని, మళ్ళీ అదే చెప్పి, పిచ్చెక్కిపోతుంది. మైకుని లోపలి గదిలో పెడదాం. స్పీకరు ఇక్కడ."

పొడుగాటి తీగ లాగి మైకుని లోపలి గదిలో మేజా మీద పెట్టారు. స్పీకరు ముందు గదిలో, ఆయన కుర్చీకి ఎదురుగా. అక్క మెల్లగా మీట తిప్పింది.

స్పీకరులోంచి ఇల్లు బయటికి రావడం మొదలుపెట్టింది.

ముందు గడియారం. లోపలి గది గోడ మీద ఉన్న చిన్న గడియారం గొడ్డలి వేటులా వినపడింది. తర్వాత వెనక కొళాయి. ఒక్కొక్క చుక్కా బకెట్లో పడుతోంటే, చుక్క ముందు పడేది, దాని వెనకే బకెట్టు మూలిగేది. తిరిగొచ్చిన పావురాల గోళ్ళు రేకు మీద. దూలంలో ఎక్కడో పురుగు తొలుస్తున్న గరగర. ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్న ఇంట్లో ఇన్ని ఉన్నాయని నూనెడబ్బాకి తెలియదు. తమకి చెప్పకుండా ఇంకెవరో ఆ గదిలో నివసిస్తున్నట్టుంది.

"చూశావా, చీమ నడిచినా పట్టేస్తోంది," అంది అక్క. "పిన్నీ, మైకు ముందు కూర్చోండి."

భార్య వెళ్ళి కూర్చుంది. లోపలి గది తలుపు తెరిచే ఉంది. కుర్చీ జరిగిన చప్పుడు, బట్టలు సర్దుకున్న చప్పుడు స్పీకరులో పెద్దగా వచ్చాయి. కుర్చీలోంచి నూనెడబ్బాకి ఆవిడ ముఖం కిటికీ వెలుగులో కనిపిస్తోంది.

"ఏం మాట్లాడమంటావు?" అంది ఆవిడ.

"రేపు అమ్మాయితో ఏం చెప్పాలనుకుంటున్నావో అదే చెప్పు."

ఆవిడ కాస్త ముందుకి వంగింది. "ఏమే, వేళకి తింటున్నావా? రాత్రి డ్యూటీలైతే పగలు కిటికీలు మూసుకుని పడుకో. ఊరికే జలుబు చేస్తుంది నీకు..."

బొంగురుగా, చివర్లో నవ్వు అంటుకుని. నూనెడబ్బా కళ్ళు చెమ్మగిల్లాయి. అక్క వైపు తిరిగాడు.

"ఎంత స్పష్టంగా వస్తోందో చూశావా!"

అక్క స్పీకరుకి చెవి ఆనించి ఉంది. "పిన్నీ, ఇక మొదలుపెట్టండి," అంది.

"మొదలుపెట్టిందిగా!"

అక్క తలెత్తింది. "ఏంటి?"

"మాట్లాడుతోందిగా. జలుబు సంగతి చెప్తోంది కదా."

అక్క ఆయన వైపు చూసింది. గుమ్మంలోంచి లోపలికి చూసింది. మళ్ళీ స్పీకరు వైపు చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. లేచి లోపలికి వెళ్ళి మైకు మీద గోటితో కొట్టింది. ముందు గదిలో పిడుగు పడ్డట్టయింది. "ఒకటి, రెండు, మూడు" అంది. అక్క గొంతు గది నిండా వచ్చింది, ఊపిరితో సహా.

"ఇప్పుడు మళ్ళీ చెప్పండి పిన్నీ. ఆపకండి. బాబాయ్, నువ్వు కుర్చీలోంచి కదలకు."

అక్క ఇవతలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

నూనెడబ్బా చెవులు రిక్కించాడు. స్పీకరులో గడియారం కొట్టుకుంటోంది. కొళాయి చుక్క పడింది. ఒక ఊపిరి వచ్చింది, భార్యదే, దగ్గరగా. ఆ తర్వాత చిన్నచిన్న చప్పుళ్ళు మొదలయ్యాయి. తడి కాగితాలు ఒకదాన్నుంచి ఒకటి విడివడుతున్నట్టు, టప్పు... టప్పు... అది పెదాలు విడివడి మళ్ళీ కలుసుకునే చప్పుడని ఆయనకి కాసేపటికి అర్థమైంది. నాలుక పంటికి తగిలినప్పుడు సన్నగా ఒక గీత. మధ్యలో, మాట ఉండాల్సిన చోట, ఏమీ లేదు. అంతా ఉంది. మాట చుట్టూ ఉండేదంతా ఉంది.

"ఇంకా మొదలుపెట్టలేదేమో," అన్నాడు ఆయన. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

అక్క తలుపు సందులో కన్ను పెట్టి నిలబడింది. కదలకుండా చెప్పింది.

"మాట్లాడుతోంది బాబాయ్."

ఆయన లేచి తలుపు తోశాడు. మైకు ముందు భార్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు కిటికీ వైపు నిలిపి, చెప్పుకుపోతోంది. పెదాలు విడమరిచి, ఒక్కొక్క అక్షరమూ ఒత్తి. "వచ్చేటప్పుడు నాకేమీ తేవొద్దు, నువ్వు వస్తే చాలు" అంటోంది. ఏమంటోందో ఆయనకి తెలుస్తూనే ఉంది. కానీ గొంతు లేదు. ఒక తలుపు మూసి తెరిచిన పాటి సేపట్లో గొంతు పోయింది. జీవితంలో మొదటిసారి నూనెడబ్బా ఆఫీసువాళ్ళు చూసినట్టు చూశాడు.

ఆవిడ ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

రేడియో అక్క సంచీ సర్దుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆంప్లిఫయర్‌లో తప్పేం లేదు బాబాయ్," అంది మెల్లగా. అదేదో తన తప్పయినట్టు.

ఇద్దరే మిగిలారు. స్విచ్చి ఆపాలని ఇద్దరికీ తోచలేదు. గడియారం ముందు గదిలోనూ, లోపలి గదిలోనూ కొట్టుకుంటూనే ఉంది. ఆయన ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీకు తెలుసా?"

ఆవిడ తల ఊపింది. తర్వాత చెప్పింది. ఆయన ఆవిడ పెదాల వైపు చూసి ఒక్కొక్క మాటా కూడబలుక్కోవాల్సి వచ్చింది, చిన్నపిల్లాడు బోర్డులు చదివినట్టు.

"జ్వరం తగ్గిన వారానికి. పాలవాడు గేటు దాటి వెళ్ళిపోతుంటే పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. వాడికి చెవుడొచ్చిందనుకున్నాను. మర్నాడు కుక్క పెరట్లోకొస్తే అదిలించాను. అది నన్నే చూస్తూ కూర్చుంది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకు వినపడుతోందిగా."

ఆయన ఆవిడ పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"నేను పిలిస్తే పలుకుతున్నావు. అడిగితే చెప్తున్నావు. నా తలలో కూడా వినపడుతూనే ఉంది. ఇద్దరికి వినపడే గొంతు లేకుండా ఎలా పోతుంది? పాలవాడు, కుక్క, ఫోను, వాటికే ఏదో అయిందనుకున్నాను. బయటికి వెళ్ళడం మానేశాను. వెళ్తే ఇంకెవరికీ వినపడట్లేదని తేలిపోతుంది కదా."

"ఆంప్లిఫయర్ కడతానంటే ఊరుకున్నావెందుకు?"

"పలక్కపోతే బాగుండుననుకున్నాను," అంది. "మూడు రోజులు పలకలేదుగా. హాయిగా ఉన్నాను," అంది.

ఆదివారం పదకొండింటికి ఫోను మోగింది. నూనెడబ్బా భార్యని కిటికీ వెలుగులో కూర్చోబెట్టి, తాను ఎదురుగా కూర్చున్నాడు. ఆంప్లిఫయర్ జోలికి పోలేదు.

"అమ్మకివ్వు," అంది కూతురు, పలకరింపు కూడా లేకుండా.

"ఇవ్వనమ్మా. అమ్మకి గొంతు లేదు. జ్వరంతోనే పోయింది. నీ మీద కోపం కాదు."

"నీకు వినపడుతోందన్నావుగా? ఏడు నెలలుగా అదేగా చెప్తున్నావు?"

"వినపడిందే. ఎలా చెప్పను... నాకు వినపడింది. ఇప్పుడు వినపడట్లేదు."

"నాన్నా, ఏంటీ మాటలు? అమ్మని వెనకేసుకురావడానికి కథలు చెప్పకు."

నూనెడబ్బా భార్య వైపు చూశాడు. ఆవిడకి కూతురి మాట వినపడినట్టే ఉంది. పెదాలు కదిలాయి. ఆయన ఆ పెదాల్నే పట్టుకుని, ఏమంటున్నాడో తనకే అర్థం కాకుండా, మాట వెంట మాట పైకి అనడం మొదలుపెట్టాడు.

"మందు గ్లాసు కింద... నువ్వు పెట్టి వెళ్ళిన చీటీ... చూశాను."

"ఏ చీటీ?" అని తనే ఆగి భార్యని అడిగాడు. ఆవిడ చెయ్యి ఊపింది, కానివ్వు అన్నట్టు. ఫోనులో కూతురు ఊపిరి బిగపట్టింది.

"మీ నాన్నకి చూపించలేదు. దిండు గలీబులో దాచాను. ఈ ఇంట్లో నువ్వూ నాన్నా చప్పుడు లేకుండా మాట్లాడుకుంటుంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం, ఇక ఉండలేను, అని రాశావు. నేను తలుపు చాటునుంచి చూసేదాన్ని, మీ నోళ్ళు కదిలేవి, గదిలో ఏమీ ఉండేది కాదు, అని రాశావు."

ఆ చీటీ ఉందనే ఆయనకి తెలియదు. ఆ పిల్ల తలుపు చాటున నిలబడేదనీ తెలియదు. అయినా ఆగలేదు. ఆగితే పెదాలు ముందుకెళ్ళిపోతాయి.

"అందుకేనే నీతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడేదాన్ని. మీ నాన్నకి నా గొంతు అక్కర్లేదు, ఎప్పుడూ అక్కర్లేదు. అది నీకోసం పెట్టుకున్న గొంతు. అదే పోయింది. నువ్వు హలో హలో అంటుంటే, నేను అరిచాను. నువ్వు బస్సెక్కినందుకు కాదు, అరిచింది నీకు..."

"నాన్నా, ఆగు," అంది కూతురు. "నాన్నా, ఒక్క నిమిషం ఆగు."

తర్వాత ఆ పిల్ల ముక్కు చీదుకుని, నర్సు గొంతుతో ప్రశ్నలు మొదలుపెట్టింది. మింగడం కష్టంగా ఉందా, నొప్పి ఉందా, దగ్గితే చప్పుడొస్తుందా, ఏడు నెలలూ ఒక్క డాక్టరుకీ చూపించలేదా. మంగళవారం పొద్దున బస్సుకి వస్తున్నానంది. వాళ్ళ ఆసుపత్రిలో గొంతు డాక్టరున్నాడు, అమ్మని తీసుకెళ్తానంది. వస్తుందో రాదో చెప్పలేం గానీ చూపిద్దామంది. ఏది వస్తుందో రాదో పేరు పెట్టి అనలేదు.

"అమ్మ ఏమంటోంది ఇప్పుడు?" అని అడిగింది చివర్లో.

నూనెడబ్బా చూశాడు. "ఏమీ అనట్లేదమ్మా. నవ్వుతోంది."

ఫోను పెట్టేశాక భార్య ఆయన మోకాలు మీద చెయ్యేసి లేచి, వంటింట్లోకి వెళ్ళింది. నూనెడబ్బా కిటికీ దగ్గరే కూర్చుండిపోయాడు. ఇన్నాళ్ళూ ఆవిడ కంటికి ఆనకపోయినా ఇల్లు ఆవిడ గొంతుతో నిండి ఉన్నట్టే ఉండేది. మళ్ళీ తట్టి పిలిచేదాకా అంతకుముందు అన్న మాటలే చెవుల్లో తిరుగుతుండేవి. ఇప్పుడు గోడలు గోడల్లాగే ఉన్నాయి. గ్లాసు పెట్టిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు. ఆ తర్వాత అవి కూడా ఆగిపోయాయి.

"ఏమన్నా అన్నావా?" అన్నాడు వంటింటి వైపు తిరిగి.

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. తర్వాత లేచి, చూడ్డానికి వెళ్ళాడు.